ఒంట్లో దొరకని వెండి

మనిషి ఒంట్లో ఒక మేకు చేయడానికి సరిపడా ఇనుము ఉంటుందని మా ఊరి బడిలో అయ్యవారు చెప్పారు. మా మేనమామ బక్కమనిషి. ఆ రోజు మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఒళ్ళంతా తడిమి చూశాను, మేకు ఎక్కడైనా చేతికి తగులుతుందేమోనని. ఆయన లేచి నా వీపు తడిమాడు. తక్కిన లోహాల సంగతి తెలియడానికి నాకు మరో అరవై ఏళ్ళు పట్టింది. రాగి, జింకు, సెలీనియం, మాంగనీసు, ఇవన్నీ ఆవగింజలో వెయ్యో వంతు చొప్పున మనలో తిరుగుతుంటాయట. డెబ్బై రెండో ఏట, బెంగుళూరు పక్కన వర్తూరులో మా డయాలిసిస్ సెంటరులో, ఆరో నంబరు మంచం మీద పడుకుని తెలుసుకున్నాను.

నా కిడ్నీలు చక్కెర జబ్బుకు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే వెళ్ళి ఎడమ చేతికి రెండు సూదులు వేయించుకుంటాను. ఒక సూదిలోంచి రక్తం బయటికి పోయి, మెషిన్లో స్నానం చేసి, రెండో సూదిలోంచి ఇల్లు చేరుతుంది. నాలుగు గంటలు. నా రక్తం అన్ని చుట్లు తిరుగుతుంది, నేను మాత్రం చెయ్యి కదపకూడదు. నోరు కదపవచ్చు. అందుకే ఆ సెంటరులో నర్సమ్మలందరికీ మా వంశం కథలు కంఠతా వచ్చు.

ఒక బుధవారం గీతాంజలి అని ఒక డాక్టరమ్మ వచ్చింది. మెడికల్ కాలేజీలో పరిశోధన చేస్తోందట. తల్లిదండ్రులది గుంటూరు వైపు. పిల్ల మాత్రం ఇక్కడి ఇంగ్లీషు బళ్ళో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

"తాతగారూ, డయాలిసిస్‌లో చెత్తతో పాటు బాడీకి కావలసినవి కూడా కొన్ని వెళ్ళిపోతాయి. కొన్ని వెళ్ళాల్సినవి లోపలే ఉండిపోతాయి. ఏవి పోతున్నాయి, ఏవి మిగులుతున్నాయి అని స్టడీ చేస్తున్నా" అంది.

"జల్లెడ మాదిరి అన్నమాట. పిండి పోయి పొట్టు మిగిలిందా అని చూస్తాండావు."

"ఎగ్జాక్ట్లీ!" అని సంబరపడింది. రక్తం తీసుకుంది, గోళ్ళు కత్తిరించుకుంది. వెంట్రుకలు కూడా కావాలంది. నా తల చూసి ఆగిపోయింది. మీసంలో ఒక పాయ ఇస్తానన్నాను. అది చాలంది.

ఆ తర్వాత ఫారం తీసింది. నలభై ఒక్క ప్రశ్నలు.

"మెటల్ పనులేమైనా చేశారా? మీ ఇంట్లో ఎవరైనా?"

"మా నాయన వడ్రంగం చేసేవాడమ్మా. మేకులన్నీ నోట్లో పెట్టుకునే పని. ఒకసారి తుమ్మినాడు. పదకొండు మేకులు పోయి గోడలో వరసగా దిగినాయి. ఆ వరసకే మేము దేవుని పటాలు తగిలించింది."

ఆమె రాసుకుంది. నిజంగానే రాసుకుంది! రాసుకునేవాళ్ళు దొరికితే చెప్పేవాడు ఆగుతాడా?

"పొలానికి ఏ నీళ్ళు వాడేవాళ్ళు?"

"చెరువు నీళ్ళే. వర్తూరు చెరువులో నురగ లేచేది చూడు, ఆ యేడు మా నల్లెద్దు నురగలో దూరిందమ్మా. మూడో దినం తెల్లగా బయటికొచ్చింది. కడిగితే ఇంకా తెల్లగా అయింది. కడకు ఎంత తెల్లగా అయిందంటే, కంటికి కనపడకుండా పోయింది. ముక్కుతాడు మాత్రం నా చేతిలో ఉండాది."

పక్కన ఐదో మంచం మీద సమీనా నవ్వు ఆపుకోలేక దగ్గింది. గీతాంజలి తల ఎత్తకుండా 'లేక్ వాటర్' అని రాసుకుంది.

"ఇంట్లో వంటకి అల్యూమినియం పాత్రలు వాడతారా?"

అల్యూమినియం అంటే నాకు తెలిసింది కొత్త అపార్టుమెంట్ల కిటికీ చట్రాలే. వాటిలో వంటెలా చేస్తారు?

"లేదు తల్లీ. మా ఇంట్లో అంతా సిల్వరే."

ఆమె కలం ఆగింది. "మొత్తం సిల్వరా?"

"మొత్తం. తపేలా, గంటె, డబ్బా, మూతలు. అన్నీ మా ఆడది పుట్టింటి నుంచి తెచ్చుకున్నవే. చింతామణి పక్కన ఉండాది వాళ్ళ ఊరు."

"గ్రేట్" అని నా వంక గౌరవంగా చూసింది. నా భార్య నంజమ్మ పుట్టింటివాళ్ళ మీద ఇంత గౌరవం ఎవరూ చూపగా నేను చూడలేదు. నలభై ఒక్క ప్రశ్నల్లో నేను అబద్ధం కలపకుండా చెప్పిన జవాబు అదొక్కటే.

ఇక్కడ నేనూ సమీనా చేస్తున్న దొంగతనం సంగతి చెప్పాలి.

సమీనాది కదిరి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తుండగా కిడ్నీలు పోయాయి. ముప్పై రెండేళ్ళు. ఇప్పుడు ఇంటి నుంచే కంపెనీ పని చూసుకుంటుంది. కిడ్నీ జబ్బు వచ్చాక మా ఇద్దరికీ నోరు చచ్చిపోయింది. ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టు ఉంటుంది. నాలుక మీద పలికేది పులుపొక్కటే. సెంటరులో ఆహారం చెప్పే మేడమ్ పులుపు ముట్టుకోవద్దంది, చింతపండులో పొటాషియం ఎక్కువ, గుండె ఆగిపోతుందని. సరే అని తలూపాము. తలూపిన మర్నాడే నేను నంజమ్మ చేసిన చింతపండు గొజ్జు డబ్బాలో పెట్టుకుని వచ్చాను. బయట బెంచీ మీద కూర్చుని ఇద్దరం వేలితో నాకేవాళ్ళం. పోయేటప్పుడు సమీనా చిన్న సీసా నింపుకుపోయేది. రెండేళ్ళుగా ఇదే పని. డబ్బా మాత్రం ఎప్పుడూ ఒక్కటే, అరచేయంత, బిగుతు మూతది. నంజమ్మ వారానికోసారి గొజ్జు చేసి అందులో పోసేది. అయిపోగానే తోమి మళ్ళీ పోసేది.

గీతాంజలి రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. చేతిలో కాగితాల కట్ట, వెనకే మేనేజరు రాఘవేంద్ర. ఆయన మంచాల మధ్యకు రావడమంటే ఏదో గలాటా ఉన్నట్టే.

"ముందు గుడ్ న్యూస్ చెప్తా" అంది. "మీకు నోరు ఎందుకు బాగుండదో దొరికింది. ఇక్కడ అందరికీ జింక్ తక్కువుంది. జింక్ తగ్గితే నాలుకకి రుచి తెలీదు. టాబ్లెట్స్ ఇస్తారు."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆవగింజలో వెయ్యో వంతు తగ్గితే కూరలో ఉప్పు కూడా తెలియదట! పెళ్ళాల వంట మీద మొగవాళ్ళు వేసిన నిందలెన్ని జింకు ఖాతాలోకి పోవాలో!

"ఇంకో డౌట్, తాతగారూ. లైఫంతా సిల్వర్‌లో తిన్నారు కదా. మీ బ్లడ్‌లో సిల్వర్ అస్సలు లేదు. గోళ్ళలో లేదు, మీసంలో లేదు."

"లేకపోవడమేమి? నలభై ఏండ్లు తిన్నాను. మీ లాబులో ఎవరో కొట్టేసినారు, విచారించు తల్లీ."

ఆమె నవ్వలేదు. "అల్యూమినియం మాత్రం ఉంది. ఇరవై లోపు ఉండాలి. మీకు డెబ్బై ఎనిమిది, సమీనాకి అరవై నాలుగు. ఇంకెవరికీ లేదు, మీ ఇద్దరికే. ఇలాగే పెరిగితే ఎముకల్లో చేరుతుంది, తలలో చేరుతుంది, జ్ఞాపకం పోతుంది. మీ ఇద్దరి ఫారాల్లోనూ అల్యూమినియం పాత్రలు లేవు. అది ఉండే గ్యాస్ మందులు కూడా లేవు. అందుకే..."

మిగతాది రాఘవేంద్ర అందుకున్నాడు. "అందుకే నీళ్ళు. ఇంకేముంది? డయాలిసిస్‌కి ఒక్కో మనిషికి ఒక్కో పూటకు నూరు లీటర్ల పైన నీళ్ళు కావాలి. పైపు చివర ఉండేవి ఐదు, ఆరు మంచాలే. కసువంతా కొసకే చేరుతుంది. దేవరాజ్!"

దేవరాజ్ నీళ్ళ గది చూసుకునే టెక్నీషియన్. ట్యాంకరు నీళ్ళు ఆ గదిలో నాలుగు జల్లెళ్ళు దాటి మెషిన్లకు వస్తాయి. అతను పొద్దున ఐదున్నరకే వచ్చి, నీళ్ళు పరీక్ష చేసి, పుస్తకంలో రాసి, తర్వాతే మమ్మల్ని లోపలికి రానిస్తాడు. పదకొండేళ్ళుగా ఆ గది తాళంచెవి అతని నడుముకే వేలాడుతోంది.

"రక్తం తీసినప్పుడు పాత ఫిల్టరే ఉండింది. నువ్వు మార్చింది ఆ తర్వాత" అన్నాడు రాఘవేంద్ర. "లేటు చేసినావు."

"లేటు లేదు సార్. తారీఖు ప్రకారమే మార్చినాను. పుస్తకం చూడండి. నీళ్ళు ఇప్పుడైనా లాబుకు పంపండి."

"ఇప్పటి నీళ్ళు కొత్త ఫిల్టరు నీళ్ళు. అప్పటి నీళ్ళకు సాక్ష్యం యాడుండాది?"

ఇరవయ్యో తేదీ హెడ్డాఫీసు వాళ్ళు వచ్చి తేలుస్తారనీ, అంతవరకు తాళంచెవి ఇచ్చేసి చక్రాల కుర్చీలు తోయమనీ చెప్పి రాఘవేంద్ర వెళ్ళిపోయాడు. దేవరాజ్ నడుముకున్న తాళంచెవి విప్పి అతని వెనకే నడిచాడు. ఆ రోజుకు ఇరవయ్యో తేదీ ఇంకా పదహారు రోజులు. రోగుల నీళ్ళు పాడుచేసినవాడని ఒకసారి పేరు పడితే ఈ ఊళ్ళో ఇంకే సెంటరు గడప ఎక్కనిస్తుంది?

శుక్రవారం నన్ను కుర్చీలో తోసుకొచ్చింది అతనే. సూదులు వేసే నర్సమ్మ వచ్చి వెళ్ళాక, నా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే మనిషి కాదు.

"దేవరాజా, నాకొకటి చెప్పప్పా. ఆ అల్యూమినియం అంటే ఏంది? కిటికీలకు వేస్తారే, అదేనా?"

"అదే తాతా. కిటికీలకే కాదు, బస్సు రేకులకు, విమానాలకు అంతా అదే. మన సిల్వరు పాత్రలు లేవా? అదంతా అల్యూమినియమే."

"సిల్వరు సిల్వరు గదప్పా?"

"ఇంగ్లీషువాళ్ళు వెండిని సిల్వర్ అంటారు. మనవాళ్ళు తెల్లగా మెరిసేదాన్నంతా సిల్వరు అనేసినారు. మా అవ్వ కూడా అట్లే అనేది." ఊరికే మాటకు చెప్పినట్టు చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఎడమ చెయ్యి ఎత్తి మా గొజ్జు డబ్బా ఎంత ఉంటుందో కొలిచినట్టు గాల్లో ఆడించానట. మెషిన్ కుయ్యిమంది.

"చెయ్యి కదపొద్దని ఎన్నిసార్లు చెప్పాల తాతా!" అంటూ అతను ట్యూబు సర్దాడు. ఎవరి డబ్బా కారణంగా తన తాళంచెవి పోయిందో, ఆ మనిషి చెయ్యే జాగ్రత్తగా పట్టుకుని దిండు మీద పెట్టాడు.

అతను అటు పోగానే ఐదో మంచం వైపు తిరిగాను. "సమీనా, మన డబ్బా..."

ఆమె అప్పటికే లేచి కూర్చుంది. "తాతా, ఫారంలో నువ్వు సిల్వరని చెప్పినావా?"

"ఉన్నమాటే చెప్పినాను గదా!"

"యా అల్లా! సిల్వరంటే అల్యూమినియమని మా ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. ఆ మేడమ్ వెండి అనుకొని ఉంటాది. నన్ను అడిగితే మా ఇంట్లో స్టీలే అన్నాను. నీ డబ్బా సంగతి నేనెట్ల చెప్తాను? గొజ్జు తింటాండామని తెలిస్తే తోలు తీస్తారు."

"ఇప్పుడు చెప్తే?"

"తీస్తారు. అయినా చెప్పు. దేవరాజన్న ముఖం చూసినావా?"

చూశాను. నాలుగు గంటలు చూడక ఏం చేస్తాను?

మెషిన్ ఆపగానే చేతికి పట్టీ వేసుకుని మేనేజరు గదికి పోయాను. గొజ్జు, డబ్బా, రెండేళ్ళ దొంగతనం మొత్తం చెప్పాను. మేకుల్లేవు, ఎద్దుల్లేవు. జీవితంలో అంత చప్పగా ఏ కథా చెప్పలేదు.

రాఘవేంద్ర ఓపికగా విన్నాడు. "యజమాన్రే, దేవరాజ్ మీద మీకు ప్రీతి ఉండాదని నాకు తెలుసు. కానీ రెండు నెలల కింద ఎద్దు మాయమైందంటిరి. ఈ వారం డబ్బా కరిగి కడుపులోకి పోయిందంటే ఎట్ల నమ్మేది? ఏమీ మాట్లాడకుండా సుమ్నె ఇంటికి పోయి పడుకోండి."

"ఎద్దు అబద్ధం, డబ్బా నిజం అప్పా."

"రేపు డబ్బా అబద్ధం, ఎద్దు నిజం అంటారు."

ఆ గది బయట గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. దారిలో పోయేవాళ్ళంతా "ఏం తాతా, ఈ దినం కథ లేదా?" అని అడుగుతూ పోయారు. నా మాటకు చెల్లుబాటు లేకుండా చేసుకున్నది నేనే. ఇంకెవర్ని అనాలి?

ఫోన్ చేసింది సమీనా. గీతాంజలికి మూడు ముక్కల్లో సంగతి చెప్పి ఫోన్ నా చెవికి ఆనించింది.

అవతల గీతాంజలి కాగితాలు తిరగేసిన చప్పుడు. ఆ తర్వాత, "సిల్వర్... అంటే అల్యూమినియమా? ఎవరంటారు అలా?"

"ఈ దేశమంతా అంటారు తల్లీ. ఇంగ్లీషు చదివినోళ్ళు తప్ప."

ఆమె నవ్వింది, వెంటనే ఆపేసింది. "నేను అన్ని సెంటర్లూ కలిపి నలభై మంది ఫారాలు నింపాను తాతగారూ. ఇంకెంతమంది సిల్వర్ అన్నారో! సోమవారం ఆ డబ్బా తీసుకురండి. ఉన్నది ఉన్నట్టు. కడగొద్దు."

అసలు యుద్ధం ఇంటి దగ్గర జరిగింది.

నంజమ్మ నా మాట పూర్తిగా వింది. విని, చేతిలో చీపురు గోడకు ఆనించింది. "అంటే నేను నీకు విషం పెట్టినానంటావు."

"నువ్వు కాదే. డబ్బా."

"డబ్బా నాది. గొజ్జు నాది. చేసిన చెయ్యి నాది. ఇంక ఎవరు? నీ నోటికేమీ రుచించలేదని, ఇదొక్కటైనా తింటాండాడని, మోకాళ్ళు నొప్పులైనా వారం వారం చేసి పోసినాను. నేనూ అదే తింటాండా. నాకేమైంది? మీ డాక్టరమ్మను రమ్మను, నా రక్తం తీసి చూడమను!"

నిజమే, ఆమెకేమైంది? ఆమె కూడా అదే డబ్బాలోంచి అంతకాలమూ తిన్నది. రాయిలా ఉంది. ఒకవేళ నేనే పొరపడ్డానా? తప్పు నీళ్ళదేనా? ఆదివారమంతా ఇదే ఆలోచన. డబ్బా వంక చూస్తాను, నంజమ్మ వంక చూస్తాను. రెండూ నన్ను గుర్రుగా చూస్తాయి.

సోమవారం పొద్దున డబ్బా తీయబోతే, అలమారలో అద్దంలా మెరుస్తోంది. మొహం కనబడుతోంది, అందులో నా నోరు తెరుచుకుని ఉంది.

"కడగొద్దన్నాను గదే!"

"పదిమంది చూసే చోటికి మురికి డబ్బా పంపి, చింతామణివాళ్ళకు పాత్ర తోమేది రాదు అనిపించుకోమంటావా? చింతపండు పిప్పి, ఇటుకపొడి వేసి ఎప్పుడూ తోమినట్లే తోమినాను. కొత్త గొజ్జు కూడా చేసినాను. పద, నేనూ వస్తాండా."

వచ్చింది. గీతాంజలి ముందు డబ్బా టప్పున పెట్టి, చెయ్యి చాపింది. "తీయమ్మా రక్తం. విషమైతే నా ఒంట్లో కూడా ఉండాల గదా."

గీతాంజలి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "అమ్మమ్మా, ఎప్పుడూ ఇలాగే తోముతారా? పులుపుతో?"

"తోమకుంటే నల్లగా అవుతాది గదా."

"ఆ నలుపే మంచిది. దీని మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది, మెటల్ బయటికి రాకుండా అదే ఆపుతుంది. మీరు దాన్ని తోమేసి, వెంటనే అందులో పులుపు పోసి వారం ఉంచుతున్నారు."

నంజమ్మ నా వైపు చూసింది, ఈ పిల్లకు మతి ఉందా అన్నట్టు. మసి డబ్బా మంచిది, మెరిసే డబ్బా చెడ్డది అంటే ఏ ఇల్లాలు నమ్ముతుంది?

"నమ్మొద్దు. చూద్దాం" అంది గీతాంజలి. కొత్త గొజ్జును రెండు పాళ్ళు చేసింది. సగం గాజు సీసాలో, సగం డబ్బాలో. రెండింటికీ మూతలు పెట్టి, మీద చీటీలు అంటించి, ఎదురుగా రాఘవేంద్ర చేత సంతకం పెట్టించింది. ఒక వారం అట్లాగే ఉంచి లాబుకు పంపుతానంది. నంజమ్మ రక్తం కూడా తీసింది. నంజమ్మ నా మంచం పక్కన కూర్చుని సూది వైపు చూడకుండా నా వైపే చూసింది, పందెం కాసిన మనిషిలాగా.

దేవరాజ్‌కి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెబుదామని నేను రెండుసార్లు నోరు తెరిచాను. తప్పయితే అతనికి లేని ఆశ పుట్టించినవాణ్ణవుతానని మూశాను. కుర్చీ తోస్తూ ఒకసారి అతనే అడిగాడు, "ఏం తాతా, ఈ మధ్య కథలు చెప్పడం లేదు?" అని.

ఇరవయ్యో తేదీ హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. రాఘవేంద్ర గదిలో కూర్చున్నారు. నన్నూ సమీనానూ పిలిచారు. దేవరాజ్ తలుపు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. గీతాంజలి కాగితం తీసి చదివింది.

"గాజు సీసాలో గొజ్జులో అల్యూమినియం దాదాపు లేదు. డబ్బాలో గొజ్జులో దానికి నలభై రెట్లు ఉంది. ఒక్క వారంలో."

"ఆయన భార్య కూడా తిన్నదన్నారు?" అని హెడ్డాఫీసు ఆయన అడిగాడు.

"ఆమె బ్లడ్ నార్మల్. ఆమెకి కిడ్నీలు పనిచేస్తున్నాయి. తిన్నది తిన్నట్టు బయటికి పంపేస్తున్నాయి. వీళ్ళిద్దరికీ పంపేవాళ్ళు లేరు." ఆమె ఇంకో కాగితం తీసింది. "నీళ్ళు కారణమైతే మిగతా పద్నాలుగు మందిలో కూడా కొంచెమైనా పెరగాలి. పెరగలేదు. నీళ్ళ పుస్తకం కూడా చూశాను. పదకొండేళ్ళలో ఒక్క రోజు ఖాళీ లేదు. తప్పు నీళ్ళది కాదు. నా ఫారంది."

రాఘవేంద్ర గొంతు సవరించుకున్నాడు. సొరుగు లాగి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. తోసి ఇవ్వలేదు, పెట్టాడంతే. దేవరాజ్ వచ్చి తీసుకున్నాడు. నడుముకు కట్టుకోలేదు, గుప్పిట్లో పట్టుకుని బయటికి నడిచాడు.

అతని వెనకే నేను. ఏదో మెచ్చుకుంటాడనుకున్నాను. మనిషి ఆశకు అంతుండదు.

వరండాలో తిరిగి నిలబడ్డాడు. "పదహారు దినాలు తాతా. ఇంట్లో చెప్పకుండా పదహారు దినాలు పనికి వచ్చినట్టే వచ్చి కుర్చీలు తోసినాను. నీ గొజ్జు కోసరం!"

"తప్పయిందప్పా."

"తినొద్దని చెప్పినారు గదా? ఎందుకు తింటిరి?"

"నోటికి ఏమీ తెలియక తిన్నాంలే. ఆ జింకు మాత్ర మింగాక ఇప్పుడిప్పుడే తెలుస్తాండాది. నిన్న సంగటిలో ఉప్పు లేదని కనుక్కున్నాను. మా ఆడది ఏడ్చింది."

అతను నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "ఒంట్లో ఏమేమి ఉండాయని అందరినీ అడిగినావే, నా నీళ్ళలో ఏముండాదని ఎప్పుడైనా అడిగినావా? రా."

నీళ్ళ గది తలుపు తీశాడు. రెండేళ్ళుగా దాని గోడకు ఇవతల పడుకున్నాను గాని లోపలికి పోయింది లేదు. నా కంటే ఎత్తు నీలం సిలిండర్లు, పొడుగు గొట్టాలు, సన్నగా గుయ్యిమనే మోటారు. ట్యాంకరు నీళ్ళు ఒక మూల నుంచి వస్తాయి. ఒక జల్లెడలో మట్టి, ఒక దాంట్లో వాసన, ఒక దాంట్లో సున్నం దిగిపోతాయి. చివరి దాంట్లో, కంటికి కనపడనివన్నీ. దేవరాజ్ ఒక్కోదాని మీద చెయ్యి వేసి చెబుతుంటే, గుర్రాల పేర్లు చెప్పే మనిషిలా ఉన్నాడు.

చివరి గొట్టానికి ఒక చిన్న కుళాయి ఉంది. దాని కింద ఒక సీసా మూత పెట్టి నింపాడు. మూతెడు. మాకు తాగే నీళ్ళకూ రోజుకింతని లెక్క ఉంటుంది, అందులో దానికి చోటుంది.

"తాగు."

తాగాను. నాలుక మీద అటూ ఇటూ తిప్పాను. మా బావి నీళ్ళకు ఇనుము రుచి ఉండేది, ట్యాంకరు నీళ్ళకు మందు వాసన, చెరువు నీళ్ళకు చెప్పుకోకూడని రుచి. ఇందులో దేనికోసం వెదకాలో కూడా తెలియలేదు. మింగాను.

"ఎట్ల ఉండాది?" అన్నాడు.

ఏదైనా కలిపి చెబుదామని నోరు తెరిచాను. కలపడానికి ఏమీ తోచలేదు.

"ఏమీ లేదప్పా ఇందులో."

దేవరాజ్ మూత నా చేతిలోంచి తీసుకుని, విదిలించి, గుడ్డతో తుడిచాడు.

"అదే తాతా నా పని" అన్నాడు.